మెల్విన్ నంబరు వేసిన అతుకు

ఎల్క్ పాయింట్,
ఫిబ్రవరి 9.

అమ్మాయి లరీసాకు,

చలి సున్నాకి ముప్పై ఒక్క డిగ్రీల కింద ఉంది. గాలి లేదు. దూడలకు గడ్డి వేసి, తొట్టిలో మంచు పగలగొట్టి వచ్చి ఇది రాస్తున్నాను. మీ అమ్మా నేనూ కులాసా. నీ పని కూడా సవ్యంగా సాగుతోందనుకుంటాను.

అరవై ఆరేళ్లకు మళ్లీ పైపులైను మీదికెందుకు వెళ్లావని అడిగావు. వెల్డింగ్ నాకిప్పుడెవరూ ఇవ్వరు. బురదనేల కింద అప్పట్లో మేం వేసిన పాత గ్యాసు లైను ఎక్కడ వంపు తిరిగిందో తెలిసినవాణ్ణని పిలిచారు. ఇక్కడి చమురు పాకంలా చిక్కన. పల్చటి నూనె కలిపితే గాని గొట్టంలో కదలదు. ఆ నూనెను బావుల దగ్గరికి తేవడానికి పన్నెండు మైళ్లు కొత్త లైను వేసి, మిగతా నలభై మైళ్లకు మా పాతదాన్నే వాడుతున్నారు. తవ్విన చోటల్లా నలభై ఏళ్ల కిందటి అతుకులు నిన్న వేసినట్టున్నాయి. "ఇంత నున్నగా ఎలా వేశారయ్యా?" అని కొత్త వెల్డర్లు అడిగారు. "అప్పుడు మాకు ఫోన్లు లేవు" అన్నాను.

వాగు దగ్గరి అతుకులో మాత్రం లోపం బయటపడింది. పాత కాగితాల్లో దానికి ఎదురుగా నాతో పనిచేసిన మెల్విన్ కార్డినల్ వెల్డర్ నంబరుంది. మెల్విన్ పోయి ఆరేళ్లు. వాళ్లబ్బాయి వెస్ ఇప్పుడక్కడ వెల్డర్ల మేస్త్రీ. భోజనాల ట్రైలర్లో ఒకడు, "ఏం వెస్, మీ నాన్న ఆ రోజు కునుకు తీస్తూ అతికాడా?" అన్నాడు. అందరూ నవ్వారు. వెస్ తలెత్తకుండా సూప్ తాగాడు.

నీకు చెప్పనిది ఇదే. ఆ అతుకు నాది. సెలవివ్వకపోతే మెల్విన్ చెప్పకుండా తల్లిని పూడ్చడానికి వెళ్లాడు. అతుకులు తగ్గితే అతని పని పోతుందని, అతని వంతు నేనే వేసి, పక్కన అతని నంబరు రాశాను. పొద్దు వాలుతోందని తొందరపడ్డాను. వెల్డర్ నంబరంటే అతని పేరేనని, ఇంకొకరిది ముట్టుకోవద్దని నీకు నేర్పింది నేనే.

ట్రైలర్లోనే లేచి చెప్పాను. వెస్ చెంచా కింద పెట్టి, "నలభై ఏళ్లు ఆగావు, సూప్ అయ్యేదాకా ఆగలేకపోయావా బాబాయ్?" అన్నాడు. బయటికొచ్చాక, "నాన్నకి తెలుసా?" అని అడిగాడు.

"తెలుసు. అడక్కుండా వేశానని నెల్లాళ్లు నాతో మాట్లాడలేదు."

ఆ ముక్క కోసేసి, వెస్ కొత్తది అతికి తన నంబరు రాశాడు. ఎక్స్‌రేలో మచ్చ లేదు. లైను నిండా గడ్డకట్టకుండా మందు కలిపిన నీళ్లు నింపి ఎనిమిది గంటలు ఒత్తిడి పెట్టారు. గేజీ ముల్లు కదల్లేదు. నలభై మైళ్లలో ఒక్క చుక్క కారలేదు. మా అతుకులు నిలిచాయని గర్వపడ్డాను. అది దాచను.

కాగితాల్లో ఆ అతుకును నా పేరుకు మార్చారు. తప్పుడు నంబరు రాసినవాణ్ణి పనిలో ఉంచుకోరు. మంగళవారం పొద్దున ఏడింటికి నేను క్యాంపు విడిచాను. వెస్ తన బండిలో నన్ను మన ఇంటి దగ్గర దింపి, తొమ్మిదింటికి తిరిగి వెళ్లాడు.

ఇట్లు,
మీ నాన్న ఓరెస్ట్