రెండో కుర్చీ, బార్లీ కాఫీ

మార్చి 3

ఇవాళ నా కత్తికి హెడ్మాస్టరుగారి గడ్డం తెగింది. పెద్ద గాటేం కాదు, పటిక రుద్దితే ఆగిపోయింది. ఆయన కూడా పోనీలే అన్నారు. అన్నయ్య మాత్రం పోనివ్వలేదు. కత్తి నా చేతిలోంచి తీసుకుని సొరుగులో పెట్టి తాళం వేశాడు. చెయ్యి వణుకుతోందిరా, కటింగులు చేసుకో, గడ్డాల జోలికి రాకు అన్నాడు. నెలాఖరుకి కుదురుకోకపోతే రెండో కుర్చీకి వేరే మనిషిని చూస్తాడట. గడ్డం గీయనివాడు సెలూన్‌లో ఉండి ఏం చేస్తాడు, ఫ్యాన్ కింద పేపరు చదువుతాడా?

సాయంత్రం చెయ్యి చూపించుకుంటే డాక్టరు రోజుకి ఎన్ని కాఫీలని అడిగింది. చెప్పగానే కళ్లజోడు తీసేసింది. కాఫీ మానేసి వేయించిన బార్లీ పొడి కలుపుకుని తాగమంది. ఓస్ ఇంతేనా అనుకున్నాను. రేపట్నుంచే.

మార్చి 4

మా ఆవిడ బార్లీ గింజలు నల్లగా వేయించి, మిక్సీ పట్టి, పాలు పోసి ఇచ్చింది. కాఫీకి దగ్గర చుట్టమే. జనం ఊరికే భయపెడతారు.

మార్చి 9

తలనొప్పి రాలేదు. తప్పకుండా వస్తుందని డాక్టరు చెప్పింది. అందరికీ వస్తుందేమో, నాకు విల్‌పవర్ ఉంది. వచ్చిన కస్టమరుకల్లా ఇదే చెప్పాను. అన్నయ్య దువ్వెనలు కడుగుతూ విన్నాడు.

మార్చి 16, ఉదయం 6

తల పగిలిపోతోంది.

మార్చి 16, సాయంత్రం

బండారం బయటపడింది. మా ఆవిడ మొదటిరోజు నుంచీ బార్లీలో కాఫీ పొడి కలుపుతోంది. ముందు సగం సగం, తర్వాత చెంచాడు, తర్వాత చిటికెడు. వట్టి బార్లీ ఇవ్వడం నిన్ననే మొదలు. ఒక్కసారిగా మాన్పిస్తే మీరు ఇల్లు పీకి పందిరేస్తారు, అందుకే అంది.

నా విల్‌పవర్ అంతా ఆవిడ చెంచాలో ఉందన్నమాట. కాసేపు మొహం మాడ్చుకుని కూర్చున్నాను. తర్వాత ఇంకో గ్లాసు అడిగాను, వట్టి బార్లీతోనే. మాడిన మూకుడు కడిగిన నీళ్లలా ఉంది. మొత్తం తాగాను. ఇక్కణ్ణుంచైనా మానింది నేనే అవ్వాలి.

మార్చి 23

బుడగలు కొన్నాను. అన్నయ్య నాకు పని నేర్పింది బుడగ మీదే. నురగ రాసి కత్తితో గీయాలి, బుడగ పగలకూడదు. ఇంట్లో ఉన్న పాత కత్తి తీశాను. మొదటిది పగిలి నురగంతా దాన్ని పట్టుకున్న మా ఆవిడ మొహాన పడింది. రెండోదీ అంతే. మూడోది నున్నగా వచ్చింది. ఆ తర్వాత ఒక్కటీ పగల్లేదు. నిద్ర కూడా బాగా పడుతోంది. నా చెయ్యి నాకు తిరిగొచ్చింది.

మార్చి 27

బుడగల సంగతి అన్నయ్యకి చెప్పాను. బుడగకి ప్రాణం ఉండదురా అన్నాడు. ఒళ్లు మండింది. అయితే ప్రాణమున్న గడ్డమే ఇవ్వు అన్నాను. ఎవరిది ఇమ్మంటావు, కస్టమర్లదా అన్నాడు. కుర్చీ పోతుందని మొదటిసారి భయం వేసింది.

మార్చి 31, మధ్యాహ్నం

అన్నయ్య షట్టర్ సగం దించాడు. కత్తి నా చేతికిచ్చి, రెండో కుర్చీలో తనే కూర్చుని మెడ వెనక్కి వాల్చాడు. ఇన్నేళ్లూ తన గడ్డం తనే గీసుకున్న మనిషి.

ఒక చెంప గాటు లేకుండా పూర్తయింది. గొంతు మీద కత్తి ఆనించేసరికి గురక పెట్టాడు.

లేపబుద్ధి కావడం లేదు. పక్క కుర్చీలో కూర్చుని ఇది రాస్తున్నాను. నురగ ఆరిపోతోంది.