అంకుల్ కుడికాలి నరం

మంగళవారం, క్లెమెంటి

తువాస్ షిప్‌యార్డులో వెల్డింగ్ చేసే అప్పారావు అంకుల్ ఎడమ పాదంలో ఇవాళ నాడి దొరకలేదు. రక్తం పారడానికి నిన్న ఆ కాల్లో వేసిన బైపాస్ మూసుకుపోయింది. రేపు మోకాలి కింద కాలు తీసేస్తారు.

ఆ బైపాస్ కోసం ఆయన కుడి తొడలోంచి తీసిన నరాన్ని సిద్ధం చేసింది సర్జన్‌కి అసిస్టెంట్‌గా ఉన్న నేనే. ఆయన రక్తంలోనే ఉంచి, ఎక్కడైనా కారుతోందేమోనని సిరంజితో నింపి చూశాను. సిరంజి గట్టిగా నొక్కితే నరం లోపలి పొర దెబ్బతిని, తర్వాత రక్తం గడ్డకడుతుంది. నేను మెల్లగానే నొక్కాను. నొక్కానా? సర్జన్‌ని అడిగితే "ఓల్డ్ షుగర్ కేస్ లాహ్, డోంట్ థింక్ సో మచ్" అన్నాడు ఇక్కడి యాసలో. ఒళ్లు మండింది.

ఆపరేషన్‌కి ముందు అంకుల్ ఒక్కటే కోరారు. "కుడికాలి జోలికెళ్లకండమ్మా, నిచ్చెనెక్కేది దాని బలంతోనే." ఎడమకాలి నరం మరీ సన్నం, వేరే దారి లేదని తెలుగులో నచ్చజెప్పింది కూడా నేనే.

సాయంత్రం ఈ కబురు చెప్పడానికీ నన్నే పంపారు. ఆయన కుడికాలి కుట్లు తడుముకున్నారు.

"అయితే కోసేముందు ఆ నరం తీసి మళ్లీ ఇందులో పెట్టేయండమ్మా. అది మంచిదే కదా?"

"నిన్న తీసినప్పుడు మంచిదే అంకుల్" అన్నాను.