కరుణమ్మ కొంగు

నారాయణఖేడ్

అమ్మకు వందనాలు, నేను బాగున్నాను. ఫోన్ చేస్తే నా గదిలోనే ఉండే కరుణమ్మ వింటుందని కార్డు రాస్తున్నాను.

మూడేళ్లుగా సిర్గాపూర్‌లో ఇల్లిల్లూ తిరిగి దేవుని వాక్యం చెబుతున్నది నేను. కరుణమ్మ వచ్చి నాలుగు నెలలే, చదువు కూడా రాదు. "మీ ఇంట్ల ఏం పరేషానుంది?" అని అడిగి, ప్రార్థనలో మరవకుండా కొంగుకు ముడి వేసుకుంటుంది. ఆ కష్టం తీరాక విప్పుతుంది. ఇప్పుడు అందరూ ఆమెనే పిలుస్తున్నారు. నాకు ఒళ్లు మండిపోతోంది.

ఒక ముడి మాత్రం ఆమె వచ్చినప్పటి నుంచీ విప్పలేదు. ఎవరిదని అడిగాను.

"నీదే అక్కా. నన్ను జూస్తె నీ మొకం మాడుతది గదా" అంది.

మేక ఈనిందా? నాయన దగ్గు తగ్గిందా? తమ్ముడికి దీవెనలు. నీ పాత నూలు చీర ఒకటి పంపు. నా పాలిస్టర్ కొంగుకు ముడి నిలవడం లేదు.

నీ బిడ్డ
ఎస్తేరు