మూతల కొట్టు అసలు సంగతి

జగ్గయ్యపేట,
ఆదివారం పొద్దున.

అన్నయ్యకు, వదినకు తమ్ముడు నరసింహం దణ్ణాలు.

ఇక్కడ నేను, సీత, పిల్లది తింటున్నాం, తిరుగుతున్నాం. అక్కడ మీరిద్దరూ, పిల్లలూ, గొడ్డూ గోదా ఎలా ఉన్నారని అడిగే ముఖం నాకు లేదు. అయినా అడుగుతున్నాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? వదిన దగ్గు ఎలా ఉంది? నేను రాసిన రెండు కార్డులకీ నీ దగ్గర నుంచి జవాబు లేదు. కార్డులో చోటు చాలదని ఈసారి కాగితాలు తెచ్చుకుని కూర్చున్నాను. నా రాత చూసి చింపెయ్యకు అన్నయ్యా. చివరిదాకా చదివి అప్పుడు తిట్టు.

పేటలో ఎండలు ముదిరాయి. ఇక్కడ నేలంతా రాయేనాయె, పొద్దు వాలినా సెగ దిగదు. నీళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. వచ్చి తొమ్మిదేళ్ళయినా ఈ నీళ్ళకి కందిపప్పు ఉడకడం నేను చూడలేదు. సీత పొయ్యి ఊదీ ఊదీ విసిగిపోయి, "మీ చెవిటికల్లులో ఏటి నీళ్ళకి పప్పు పిలిస్తే ఉడికేదన్నారుగా, ఓ బిందెడు తెప్పించండి" అని దెప్పుతుంది. దెప్పినా తప్పులేదు. ఇక్కడి వంకాయ కూడా వంకాయలా ఉండదు. లంక వంకాయ కూర తిని ఎన్నాళ్ళయిందో. ఇవన్నీ రాయాలని కూర్చోలేదు, కానీ అసలు సంగతి దగ్గరికి రావడానికి చెయ్యి ఆడటం లేదు.

అసలు సంగతి ఆ పేపరు.

నువ్వు నా కొట్టు ఒక్కసారైనా చూడలేదు కాబట్టి, పేపరు చెప్పింది పక్కన పెట్టి నేను చెప్పేది విను. కొట్టు తాటాకు పాక కాదు, పెంకుటిల్లు. బజారు మలుపులో ఉంది. అందులో మూతలు తప్ప ఇంకేమీ ఉండవు, అది మాత్రం నిజం. ఇత్తడివి, కంచువి, రాగివి, సత్తువి, గోడ నిండా మేకులకి వేలాడుతుంటాయి. పెళ్ళిళ్ళకి ఇంటింటి నుంచీ గిన్నెలు అడిగి తెచ్చుకోవడం ఎక్కడైనా ఉన్నదే కదా. గిన్నెల మీద పేర్లు ఉంటాయి, మూతల మీద ఎవరు కొట్టించుకుంటారు? పెళ్ళయ్యాక గిన్నెలు ఎవరి ఇంటికి వాళ్ళవి చేరతాయి, మూతలు మాత్రం తారుమారవుతాయి. అలా మూత పోయిన వాళ్ళందరూ గిన్నె మూతిని ఈనెపుల్లతో కొలిచి, పుల్ల విరిచి పట్టుకుని నా దగ్గరికి వస్తారు. నేను పుల్ల పెట్టి చూసి, దగ్గర్లో ఉన్న మూత తీసి, అంచు కొట్టి సరిచేసి ఇస్తాను. కోదాడ వైపు నుంచి కూడా వస్తారు. "గిది మా గిన్నెకు పడ్తదా అయ్యా?" అని అడుగుతారు. పడుతుంది. ఇంతవరకూ పడలేదని తిరిగి తెచ్చినవాళ్ళు లేరు.

వచ్చిన ప్రతివాడూ ఒకటే ప్రశ్న అడుగుతాడు. "మూతలు సరేనయ్యా, గిన్నెలేవీ?"

నేను చెప్పే జవాబు ఇప్పుడు నీకు తెలుసు. ఊరందరికీ తెలుసు. "గిన్నెలు మా అన్న దగ్గరున్నాయి. పంపకాల్లో ఆయనకి గిన్నెలు, నాకు మూతలు వచ్చాయి" అంటాను. వాళ్ళు పగలబడి నవ్వుతారు. నవ్వినవాడు బేరం ఆడడు. మొదటిసారి నోరుజారి అన్నాను. నవ్వారు కదా అని రెండోసారి కావాలనే అన్నాను. ఆ తర్వాత తొమ్మిదేళ్ళూ అదే పాట. నందిగామ నుంచి సంతకి వచ్చిన విలేఖరి అడిగినప్పుడు కూడా, టీ తెప్పించి మరీ, ఇంకాస్త ఉప్పూ కారం దట్టించి చెప్పాను. పేపర్లో పడతానని ఆ రోజంతా కాలు నేలమీద నిలవలేదు. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే.

వాళ్ళు వేసింది నువ్వు చదివే ఉంటావు. నన్ను వానలో పెళ్ళాం బిడ్డలతో గెంటేశావని రాశారు. అప్పటికి నాకు పెళ్ళే కాలేదు, అది రోళ్ళు పగిలే ఎండ. నా పేరు నరసయ్య అని వేశారు, అదొక్కటే మేలు. నా పీట వెనక గోడకి ఒక పాత మూత ఉంటుంది, దాన్ని ఎవరికీ అమ్మను. అది పగ మర్చిపోకుండా పెట్టుకున్న గుర్తని రాశారు. దాని సంగతి తర్వాత చెప్తాను.

చదవగానే కొట్టు మూసి, ఆ పూటే బస్సెక్కి నందిగామ వెళ్ళాను. విలేఖరి మంచివాడే, కుర్రతనం. "మా అన్న ఏ పాపం ఎరగడండీ, ఆయన ఒక్క మూత కూడా తన చేత్తో ఇవ్వలేదు. గోనెసంచిలో వేసి మూట కట్టింది మా వదినండీ" అని మొదలుపెట్టాను. ఆవిడ ఎలా కట్టిందో, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నా వెనక ఎంతదూరం వచ్చిందో అంతా చెప్పాను. ఆయన తల ఊపుతూ రాసుకున్నాడు. నాలుగు రోజులకి సవరణ పడింది. రెండు వాక్యాలు. గిన్నెలు ఉంచుకుని మూతలిచ్చి పంపింది అన్న కాదు, వదిన అని చదువుకోవాలట.

చూశావా నా తెలివి? నిన్ను ఒడ్డున పడేద్దామని పోయి వదినని ఏట్లోకి తోశాను.

మొన్న వెంకయ్య మావయ్య మోకులు కొనడానికి పేట వచ్చి నా కొట్టు ముందు ఆగాడు. లోపలికి రమ్మంటే రాలేదు. "ఏం పని చేశావురా నరసింహం! మీ వదిన ఇత్తడి సామానంతా అటకెక్కించిందిరా. మట్టికుండలో వండుతోంది. పెళ్ళివారు గిన్నెలకొస్తే, గిన్నెల దొంగ ఇంటికి ఎందుకొచ్చారమ్మా అని పంపేసింది" అన్నాడు. "ఏమైనా చెప్పమందా?" అని అడిగాను. ఆయన అటూ ఇటూ చూసి చెప్పాడు. "తల దువ్వి బడికి పంపినదాన్ని, ఊరందరి ముందూ నన్ను దొంగని చేశాడు, నా గడప తొక్కొద్దని చెప్పు మావయ్యా అందిరా" అన్నాడు.

మళ్ళీ నందిగామ పోయాను. ఈసారి విలేఖరి విసుక్కున్నాడు. "పాత వార్తండీ, ఇక వెయ్యరు. అయినా మేం కల్పించామా? మీ నోటితో మీరు చెప్పిందేగా!" అన్నాడు. వాన సంగతి నేను చెప్పలేదని అనబోయి ఊరుకున్నాను. మిగతాది నేను చెప్పిందే. తిరుగు బస్సులో కూర్చోవడానికి చోటున్నా నిలబడే వచ్చాను, ఎందుకో కూర్చోబుద్ధి కాలేదు.

అందుకని ఇక పేపరుతో పని లేదు. నా నోటితో చెప్పిన తప్పుని నా చేత్తో దిద్దుతున్నాను.

పంపకాల రోజు నీకు గుర్తుందా? వదిన తెల్లారకముందే లేచి అమ్మ సామానంతా చింతపండు పెట్టి తోమి, వసారాలో రెండు వరసలు పేర్చింది. నా వరసలోనే పెద్ద గుండిగ పెట్టింది, గంగాళం పెట్టింది. పెద్దమనుషులు కూడా "ఏమ్మా, చిన్నవాడికి ఎక్కువ పెట్టావే" అన్నారు. "పెళ్ళి కావలసినవాడు బాబాయ్, కొత్తకాపురానికి ఉండాలిగా" అంది. ఇది నా చెవులతో విన్నాను. తొమ్మిదేళ్ళలో ఒక్కడికీ చెప్పలేదు.

నా ఏడుపు గిన్నెల గురించి కాదు, చుక్కెద్దు గురించి. జతని విడదీయకూడదని పెద్దలు రెండెడ్లనీ నీకు వేశారు. వాళ్ళు చేసింది న్యాయమే, నేనెలాగూ సేద్యం చెయ్యనన్నాను కదా. కానీ దాన్ని దూడప్పటి నుంచీ కడిగి మేపింది నేను. అది చెప్పుకోవడానికి నామోషీ వేసి, కోపం గిన్నెల మీద చూపించాను. "అన్నీ మీరే ఉంచుకోండి, నాకు మూతలు చాలు!" అని అరిచాను. నువ్వేమైనా తక్కువ తిన్నావా? "వాడడిగిందే కట్టివ్వవే!" అన్నావు. వదిన ఇద్దరి ముఖాలూ చూసింది. ఎవరూ తగ్గలేదు. అప్పుడు కట్టింది మూట.

ఇంకొకటి నీకు కూడా తెలియదు. పేట చేరి సంచి విప్పితే, మూతల మధ్య పాత చీర చుట్టి చింతకాయ పచ్చడి జాడీ ఉంది. మూతలన్నీ నేను అడిగి తెచ్చుకున్నానుగా, జాడీకి మూత లేదు. వాసెన గుడ్డ కట్టింది. ఇక్కడ ఎవరూ తెలియని ఊళ్ళో మొదటి నెలంతా ఆ పచ్చడితోనే అన్నం తిన్నాను. ఈ జాడీ సంగతి కొట్టుకొచ్చిన వాళ్ళకి ఎప్పుడూ చెప్పలేదు. చెబితే ఎవరూ నవ్వరు. అందుకే చెప్పలేదు. సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నాను.

ఇక ఆ పాత మూత. అది పగ కాదు, పాడూ కాదు. అదే సంచిలో అడుగున దొరికింది. అమ్మ అన్నం వండే గిన్నె మూత అది, పిడి ఊడిపోతే నువ్వు రాగితీగ చుట్టి బిగించావు. అంటే రోజూ పొయ్యి మీద ఉండే గిన్నె మూత కూడా వదిన సంచిలో వేసేసిందన్నమాట. నేను మూతలన్నీ అన్నాను, ఆవిడ అన్నీ ఇచ్చింది. వెంటనే తిరిగి పంపాలనుకున్నాను. ముందు పంతం అడ్డొచ్చింది, తర్వాత సిగ్గు అడ్డొచ్చింది. ఇంతమంది గిన్నెలకి మూతలు సరిచేసి ఇచ్చాను గదా, మా వదిన తొమ్మిదేళ్ళుగా అన్నం మీద పళ్ళెం బోర్లిస్తోందని నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను.

అన్నయ్యా, ఒక్క కోరిక. వదినకి చదువు రాదు కాబట్టి ఈ ఉత్తరం ముందు ఆవిడకి నువ్వు చదివి వినిపించు. సిగ్గుపడి మధ్యలో ఏదీ వదిలెయ్యకు. తర్వాత పేపరు ఏ అరుగు మీద చదివారో ఆ అరుగు మీదే దీన్ని కూడా చదివించు. వెంకయ్య మావయ్య గొంతు పెద్దది, ఆయన చదివితే అందరికీ వినబడుతుంది. నన్ను చూసి నవ్వితే నవ్వనీ. ఇక్కడ కొట్టులో ఆ మాట మానేశాను. గిన్నెలేవని అడిగితే, "మా వదిన ఇస్తానంటే నేనే కాదన్నాను" అంటున్నాను. ఎవరూ నవ్వడం లేదు, బేరాలు గట్టిగా ఆడుతున్నారు. ఆడనీ.

చుక్కెద్దు ఇంకా ఉందా? ఉంటే ఒకసారి గంగడోలు దువ్వు.

సీత మీ ఇద్దరికీ దణ్ణాలు చెప్పమంది. పిల్లది పెదనాన్న ఎలా ఉంటాడని అడుగుతోంది, నాలాగే ఉంటాడు కానీ మంచివాడని చెప్పాను. ఊళ్ళో పెద్దలందరికీ నా తరఫున చేతులెత్తి మొక్కు. మీ దీవెన లేకుండా ఈ ఊళ్ళో బతకడం నాకు చేతకావడం లేదు. వదిన రమ్మనేదాకా గడప తొక్కను. రమ్మంటే మాత్రం ఆ పూటే బస్సెక్కుతాను.

ఆ మూత తోమించి, ఇవాళ మళ్ళీ పేట వచ్చిన వెంకయ్య మావయ్య చేతికిచ్చి పంపుతున్నాను. ఎవరి సామానూ వాళ్ళకి వట్టిది తిప్పి పంపకూడదని వదినే నాకు నేర్పింది. చిన్నప్పుడు పక్కింటి గిన్నె ఖాళీగా తీసుకెళ్ళబోతే వెనక్కి పిలిచి పంచదార వేసేది. మూతలో ఏం పడుతుందా అని చూశాను. తిరగేస్తే ఒక బెల్లం అచ్చు పట్టింది. గుడ్డతో కట్టాను. వదినకి మనసొప్పి గిన్నెలు దించితే, అది ఆ గిన్నె మీద పెట్టమను. ఒప్పకపోతే మావయ్య చేతే తిప్పి పంపెయ్యమను, నేనేమీ అనుకోను.

కాకపోతే వట్టిది పంపొద్దని చెప్పు.

నీ తమ్ముడు
నరసింహం