సల్వా మేడలో మెడికల్ కాలేజీ ఇంటర్వ్యూ

కువైట్,
1990 డిసెంబరు

అక్కా,

నేను బతికే ఉన్నాను, కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి. ఈ మాట ముందే రాస్తే మిగిలింది నువ్వు ఏడవకుండా చదువుతావని మొదలే రాస్తున్నాను. నువ్వూ, బావా, పిల్లలూ ఎలా ఉన్నారు? అత్తయ్యకు మోకాళ్ల వాపు తగ్గిందా? ఆగస్టు నుంచి ఇక్కడికి ఉత్తరం రాదు, ఇక్కడి నుంచి పోదు, ఫోను మోగదు. నిజామాబాదు గంగన్న రేపు బాగ్దాదు మీదుగా అమ్మాన్ వెళ్తున్నాడు. "రాసియ్యి చెల్లె, అంగీ లోపట కుట్టుకోని తీస్కపోత, బొంబాయిల డబ్బాల ఏస్త" అన్నాడు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

తిండికి లోటు లేదు, బెంగపడకు. చింతపండు అయిపోయింది. ఇక్కడ లూమీ అని ఎండబెట్టిన నల్ల నిమ్మకాయలు ఉంటాయి, వాటితో చారు కాస్తున్నాం. మొదట్లో చేదుగా ఉండేది, ఇప్పుడు అలవాటైంది. చలి మొదలైంది. నువ్వు పంపిన శాలువా కప్పుకునే ఉన్నాను. నేనుండే ఫహాహీల్ ఇప్పుడు చూస్తే గుర్తుపట్టలేం. చెత్త ఎత్తేవాళ్లు లేక వీధి మలుపుల్లో కుప్పలు కుళ్లిపోతున్నాయి. షాపుల షట్టర్లు వంచేసి ఉన్నాయి. మా క్లినిక్‌లో ఎక్స్‌రే మిషను, మంచాలు, ఆఖరికి నేను వ్యాయామాలు చేయించే బల్ల కూడా సైనికులు లారీలో వేసుకుపోయారు. ఆ బల్ల వాళ్లకెందుకో నాకు అర్థం కాలేదు. ఇవన్నీ చూసి చూసి రోత పుట్టింది. కానీ నేను రాయాలనుకుంటున్న రోత వేరే ఉంది.

మనవాళ్లంతా వెళ్లిపోతుంటే ఇదెందుకు ఉండిపోయిందని నువ్వు తిట్టుకుంటూ ఉంటావు. దానికి జవాబు నా ఇంటర్వ్యూ. కిందటేడు రాశాను గదా, అమెరికాలో ఆస్టియోపతీ అనే వైద్య విద్య ఉందని. మామూలు డాక్టర్లలాగే మందులూ ఆపరేషన్లూ అన్నీ నేర్పుతారు. దానితోపాటు ఎముకనూ కండనూ చేత్తో తడిమి జబ్బు కనిపెట్టడం, చేత్తోనే సరిచేయడం కూడా నేర్పుతారు. మా క్లినిక్‌లో పనిచేసే డాక్టర్ రాల్ఫ్ అది చదివినవాడే. ఆయన కాలేజీ కొండల మధ్య, బొగ్గు గనుల ప్రాంతంలో ఒక చిన్న ఊళ్లో ఉంది. డాక్టర్లు పోని పల్లెలకు డాక్టర్లను తయారుచేయాలని పెట్టిన కాలేజీ. నేను దరఖాస్తు పెట్టి, ప్రవేశ పరీక్ష కూడా రాశాను. జూలైలో వాళ్ల జవాబు వచ్చింది. నేను అంత దూరం రానక్కరలేదనీ, వాళ్ల పాత విద్యార్థి డాక్టర్ రాల్ఫ్ ఇక్కడే ఉన్నాడు కాబట్టి ఆయనే ఇంటర్వ్యూ చేసి నివేదిక పంపుతాడనీ రాశారు. సీటు ఆ నివేదిక మీదే ఆధారపడి ఉంది. ఆగస్టు మొదటి వారంలో కూర్చుందాం అన్నాడాయన. ఆ వారంలోనే ఇరాక్ సైన్యం వచ్చింది.

అమెరికా వాళ్లూ ఇంగ్లండు వాళ్లూ తమంతట తామే వచ్చి లొంగిపోవాలన్నారు. వాళ్లను దాచినవాళ్లకు ఉరి అన్నారు. ఆ మర్నాడు డాక్టర్ రాల్ఫ్ ఇంట్లో వేసుకునే చెప్పులతోనే నా గది ముందుకు వచ్చి నిలబడ్డాడు. మా క్లినిక్‌లో అంతమందికి నయం చేసిన మనిషి. తలుపు వేసేయడానికి నాకు మనసు రాలేదు. ఆయనను సల్వా అనే పేటలో ఓబులమ్మ దగ్గరికి తీసుకెళ్లాను.

ఓబులమ్మది మన చిట్వేలు పక్కన పల్లె. నాకంటే చాలా పెద్దది, సల్వాలో ఒక పెద్ద మేడలో చాన్నాళ్లుగా పనిచేస్తోంది. శుక్రవారాలు ఫహాహీల్ సంతకు వచ్చినప్పుడు పరిచయమైంది. వాళ్ల మామా, అంటే యజమానురాలు, ఇంటిల్లిపాదితో ఎండాకాలం సెలవులకు లండన్ వెళ్లి అక్కడే చిక్కుకుపోయింది. ఓబులమ్మ పాస్‌పోర్టు మామా ఇనప్పెట్టెలో ఉంది. మేడంతటికీ ఆమె ఒక్కతే.

విషయం చెప్తే ఓబులమ్మ ముఖం అటు తిప్పుకుంది. "దొరికితే మన మెడకాయలు పోతాయి గదా పాపా" అంది.

"పోతాయి అక్కా" అన్నాను.

ఆమె తాళాలు తీసుకుని లేచి, "సరే, మామా రూములో మటుకు పండుకోవద్దని చెప్పు. ఆయమ్మ వచ్చి సూస్తే నన్ను సంపుతాది" అంది.

అలా ఆయన ఆ ఇంట్లో చేరాడు. నేను వీలైనప్పుడల్లా దొరికిన బండి పట్టుకుని వెళ్లేదాన్ని. మొదట్లో ఆయన భయం చూసి జాలేసేది. తర్వాత్తర్వాత ఆయన అలవాట్లు చూసి జాలి పోయింది. కాఫీ మరిగించకూడదు. గుడ్డు గట్టిపడకూడదు. ఇంటి యజమాని పొడుగు అరబ్బు అంగీ, దిష్‌దాషా వేసుకుని తిరిగేవాడు, దానికి రోజూ ఇస్త్రీ కావాలి. తాగిన కప్పులోనే పైపు బూడిద దులిపేవాడు. ఓబులమ్మ నేల తుడుస్తుంటే కుర్చీలోంచి లేవకుండా కాళ్లు మాత్రం ఎత్తేవాడు. ఆమె మాత్రం, "మొగోళ్లంతా అంతే గదా, తెల్లోడైతే యామి" అని నవ్వేది.

అక్టోబరులో ఒకరోజు, కాలక్షేపం కాక కాబోలు, ఇంటర్వ్యూ చేద్దామన్నాడు. పద్ధతిగా చేయాలట. మంచి చీర కట్టుకుని, హాలు తలుపు తట్టి, లోపలికి రమ్మన్నాకే రావాలట. దుప్పట్లు కప్పిన బంగారు రంగు కుర్చీల మధ్య ఆయన కూర్చున్నాడు. నేను ఎదురుగా కూర్చున్నాను. నవ్వొచ్చింది గానీ, నా సీటు ఆ మనిషి చేతిలో ఉందని గుర్తొచ్చి నవ్వు ఆపుకున్నాను.

"పల్లెల్లోనే ఎందుకు పనిచేయాలనుకుంటున్నావు?" అని అడిగాడు.

"మా వైపు ఎముక విరిగితే జనం పెద్దాసుపత్రికి పోరు, పుత్తూరు కట్టుకు పోతారు. అక్కడ మనిషిని మనిషి ముట్టుకుని చూస్తాడు కాబట్టి పోతారు. పుస్తకం చదివిన డాక్టరు కూడా అలా ముట్టుకుంటే బాగుంటుందని" అన్నాను.

ఆయన పకపకా నవ్వాడు. "ఈ మాట కాలేజీలో ఎవరి ముందూ అనకు. మమ్మల్ని కట్లు కట్టేవాళ్లు అనకుండా ఉండడానికి మా వాళ్లు తరాల తరబడి పోట్లాడారు" అన్నాడు. తర్వాత సేవ గురించి చాలాసేపు చెప్పాడు. గనిలో దెబ్బతిన్న కూలీ తలుపు తడితే డాక్టరు వేళ చూడకూడదన్నాడు, భయం చూడకూడదన్నాడు. చెబుతూనే ఖాళీ కప్పు పక్కకు చాచాడు. ఓబులమ్మ వచ్చి పట్టుకెళ్లింది. ఇంటర్వ్యూ సగమే అయింది, మిగిలింది ఇంకోరోజు అన్నాడు.

ఆ ఇంకోరోజు వెళ్లేసరికి ఓబులమ్మ ఇంట్లో లేదు. పైపు పొగాకు అయిపోయిందని ఫహాహీల్ పంపాడట. చౌరస్తా చౌరస్తాకు సైనికులు సంచులు వెతుకుతున్న రోజులవి. ఒంటరి ఆడమనిషిని దానికోసం ఎలా పంపారని అడిగితే, "ఆమెను ఎవరు అనుమానిస్తారు, పనిమనిషే కదా" అన్నాడు.

ఎండ తిరిగాక ఓబులమ్మ వచ్చింది. గేటు దగ్గర నుంచే తెలిసింది, కుడి చెయ్యి ఎడమ చేత్తో పట్టుకుని నడుస్తోంది. పెదవి చిట్లింది. తలుపు మూయగానే చెప్పింది. తనిఖీ దగ్గర సైనికుడు పొగాకు డబ్బా పట్టుకుని, ఇది తాగే మగాడెవడు, ఎక్కడున్నాడు అని అడిగాడట.

"నాదే అన్న్యా పాపా. నమ్మల్యా. డబ్బా మూత తీసి గుప్పెడు తీసి నోట్లో ఏసుకుని నమిల్నా, మనూర్లో ఆకొక్కలోకి పొగాకు నమిల్నట్టు. ఎంత రోతగుండాదో, తియ్యగా, సబ్బు మాదిరి. ఒగడు నవ్వినాడు. ఇంగొగడు సెయ్యి ఎనక్కి ఇరిసి తోసినాడు. డబ్బా పెరుక్కున్యారు."

ఆమె భుజం పలకలా అణిగిపోయి ఉంది. కీలు తప్పిందని చూడగానే తెలిసింది. నేను ఫిజియోథెరపీ చదివినదాన్ని గానీ, తప్పిన కీలు ఎక్కించడం ఎప్పుడూ చేయలేదు. పక్కనే చేయగల డాక్టరు ఉన్నాడన్న ధైర్యంతో తిరిగి చూశాను. హాల్లో లేడు. బాత్రూం తలుపు లోపల గడియ వేసి ఉంది.

తట్టాను. "వెంట ఎవరైనా వచ్చారా? నా సంగతి చెప్పిందా?" అన్నాడు.

"ఎవరూ రాలేదు. భుజం తప్పింది. బయటికి రండి" అన్నాను.

రాలేదు. ఎన్నిసార్లు పిలిచినా రాలేదు. చివరికి తలుపు వెనకనుంచే చెప్పడం మొదలుపెట్టాడు. బల్ల మీద బోర్లా పడుకోబెట్టు. చెయ్యి కిందికి వేలాడనివ్వు. మణికట్టుకు బరువు కట్టు. తొందరపడి లాగకు, కండ తనంతట తాను వదులయ్యేదాకా ఆగు. నేను వంటింటి బల్ల మీద ఆమెను పడుకోబెట్టి, చక్కెర పొట్లాలు సంచిలో వేసి మణికట్టుకు కట్టాను. ఆమె పళ్లు బిగబట్టి దేవుణ్ణి పిలుస్తోంది. నేను పక్కన కూర్చుని ఆమె వీపు రాస్తూ ఉన్నాను. చాలాసేపటికి లోపల చిన్నగా కదిలిన చప్పుడు, భుజం గుండ్రంగా అయింది. ఆమె నిట్టూర్చింది. అప్పుడు బాత్రూం గడియ తీసిన చప్పుడు వినిపించింది.

బయటికి వచ్చి దూరంగా నిలబడి చూసి, "శభాష్. మిగిలిన సగం ఇంటర్వ్యూ అయిపోయినట్టే" అన్నాడు. ఆ మాటకు నాకు ఆ పూట అన్నం సహించలేదు.

ఈ నెలలో విదేశీయులందరినీ వదిలేస్తున్నామని రేడియోలో చెప్పారు. ఆయన గడ్డం గీసుకుని, తన సొంత ప్యాంటూ చొక్కా వేసుకుని, ఉత్సాహంగా నివేదిక రాసి నాకు చూపించాడు. నన్ను బాగా మెచ్చుకున్నాడు. చివర ఇలా రాశాడు: 'ఆక్రమణలో గాయపడిన ఒక పనిమనిషికి నేను భుజం కీలు సరిచేస్తున్నప్పుడు ఈ అభ్యర్థి పక్కన ఉండి, నా ఆదేశాలను చక్కగా పాటించింది.'

"మీరు బాత్రూంలో ఉన్నారు" అన్నాను.

"అది ఎవరు రాస్తారు సులోచనా? నీ మంచికే రాశాను. కాలేజీలో ఇలాంటి కథ ఇష్టపడతారు" అన్నాడు.

"భయపడ్డానని రాయండి. భయం తప్పు కాదు. నేనూ భయపడ్డాను."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఈ కాగితం లేకపోతే నీకు సీటు లేదు" అన్నాడు, మెల్లగానే. ఓబులమ్మకు తెలుగులో చెబితే, "రాసుకోనీలే పాపా. నా సెయ్యి లేస్తే సాలు, ఆయప్ప ఏం రాసుకుంటే నాకేమి" అంది. కానీ ఆ చెయ్యి అప్పటికీ తల దాకా లేవడం లేదు. అందుకని ఆయనను అడిగాను, పోయే ముందు ఒక్కసారి ఆమె భుజం చూసి పొమ్మని.

చూశాడు. అది నీకు ఎలా రాయాలో తెలియడం లేదు. ఆమెను కూర్చోబెట్టి, వెనక నిలబడి, రెండు చేతులూ భుజం మీద పెట్టాడు. నొక్కలేదు, లాగలేదు. వినేవాడు చెవి పెట్టినట్టు వేళ్లు ఆనించి ఆగాడు. మెడ దగ్గర ఒకచోట, రెక్క కింద ఒకచోట, పక్కటెముక మీద ఒకచోట. ఆమె ముఖంలో ఇన్నాళ్ల బిగువు వదిలిపోవడం నేను కళ్లారా చూశాను. చెయ్యి నెమ్మదిగా పైకెత్తితే తల దాటి లేచింది. "సెయ్యి మంచిదే పాపా ఈయనది" అని కళ్లు మూసుకుంది.

ఆ చేతులు అంత మంచివి కావడమే నాకు అన్నిటికంటే రోత పుట్టించింది. ఆ రోజు అంతసేపూ తలుపు వెనక గడియ పట్టుకుని ఉన్నవి అవే చేతులు.

ఆయన వెళ్లిపోయాడు. విడిచిన దిష్‌దాషా బాత్రూం నేల మీదే ఉంది. నివేదిక లండన్‌లో పోస్టు చేస్తానన్నాడు, చేసే ఉంటాడు.

నేను రెండు మూడు రోజులు ఏ పనీ చేయలేకపోయాను. ఆ కాలేజీ పేరు తలచుకుంటేనే ఆయన నవ్వు గుర్తొచ్చేది. అయినా ఓబులమ్మ భుజం మీద ఆ వేళ్లు కూడా గుర్తొచ్చేవి. వాటికి ఆ విద్య నేర్పింది అక్కడే. పిరికితనం మాత్రం ఆయన సొంతం. నాకు ఆ విద్య కావాలి. ఇంత జరిగినా కావాలనిపించడం కూడా కొంచెం రోతగానే ఉంది, కానీ అది నిజం.

ఈ ఉత్తరంతోపాటు ఇంకో కవరు ఉంది చూడు. కాలేజీకి నేను ఇంగ్లీషులో రాసింది. నివేదికలో చివరి వాక్యం నిజం కాదనీ, భుజం నేను ఎక్కించాననీ, ఆయన తలుపు వెనకనుంచి చెప్పాడనీ, ఆయన చెప్పకపోతే నాకు చేతనయ్యేది కాదనీ, ఆ మనిషి పేరు ఓబులమ్మ అనీ రాశాను. ఇది తెలిశాక కూడా తీసుకుంటే వస్తానని రాశాను. నువ్వు స్కూల్లో ఇంగ్లీషు చెప్పేదానివి, తప్పులుంటే దిద్దు. విషయం మాత్రం దిద్దవద్దు. రిజిస్టరు పోస్టులో పంపు. బావ వద్దంటాడు, ఇంత కష్టపడి చేతికొచ్చిన సీటు కాలదన్నుకుంటుందా అంటాడు. ఆయనకు నేను వచ్చాక చెప్పుకుంటాను, నువ్వు మాత్రం పోస్టు చెయ్యి.

క్లినిక్ దోపిడీలో నా పాస్‌పోర్టు కూడా పోయింది, అందుకని మా ఇద్దరికీ మన ఎంబసీ వాళ్లు పాస్‌పోర్టు బదులు కాగితాలు ఇస్తామన్నారు. అవి రాగానే ఓబులమ్మా నేనూ కలిసే బస్సెక్కుతాం. ఆమె ఇప్పుడు నా పక్కనే బియ్యం ఏరుతూ ఉంది. చిట్వేలులో వాళ్ల ఇంటికి కబురు పంపమంటోంది. "బాగుండానని చెప్పమను, సెయ్యి సంగతి మటుకు చెప్పొద్దని రాయి" అంటోంది. అలాగే చెప్పించు.

అత్తయ్యకూ బావకూ నా నమస్కారాలు. పిల్లలకు ముద్దులు. నా కోసం దిగులు పెట్టుకోకు, ఒంట్లో నిజంగానే బాగుంది. ఆ కవరు పోస్టాఫీసులో ఇచ్చేటప్పుడు ఒక్క క్షణం నన్ను తలచుకుని, మంచి జరగాలని దీవించు అక్కా.

నీ చెల్లెలు
సులోచన