బోల్టులు వదులు చేసిన విల్లు

రాజమండ్రి, సోమవారం

అమ్మా, వందనాలు. హాస్టల్లో ఫోన్ ఇవ్వరు కాబట్టి కార్డు రాస్తున్నాను. దెబ్బ తిన్న భుజం కుదుటపడుతోంది, కంగారు పడకు. మొన్న కోచ్ గారు నా విల్లుకి పైనా కిందా బోల్టులు సమానంగా వదులు చేసి, లాగే బరువు తగ్గించారు. చిన్నపిల్లల విల్లులా చేసేశారని ఏడుపొచ్చింది. మొదటి బాణం బాగా కిందికి పోయింది. "ఏడ్చింది చాలు, సైటు సరిచేసుకోమ్మా" అన్నారాయన. సరిచేశాక బాణం నడిమధ్య పసుపు రంగులోనే దిగింది, భుజం కూడా కలుక్కుమనలేదు!

నాన్నగారి దగ్గు తగ్గిందా? ఉప్పు కాపడానికి నీ పాత నేతచీర ముక్క పంపు. ఆదివారం చర్చిలో అందరికీ నా వందనాలు చెప్పు. భుజం పూర్తిగా నయమైందని సాక్ష్యం మాత్రం అప్పుడే చెప్పేయకమ్మా. ఆ బోల్టులు మళ్ళీ బిగించిన వారం నేనే వచ్చి, విల్లుతో నిలబడి చెప్తాను.

నీ కెజియ