ఉడుకు బోరు మూత తీయించుట గురించి

మండల తహసీల్దారు గారి సముఖమునకు,
ఊటగూడెం గ్రామ నివాసి ఉప్పలయ్య రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మా చెలకలోని ఉడుకు నీళ్ల బోరుకు కాయిన్ కంపెనీవారు బిగించిన ఇనుప మూతను తీయించుట, మరియు నా భార్య బక్కమ్మ మీద మోపిన "మార్కెట్‌ను చల్లార్చిన" నేరమును కొట్టివేయుట గురించి.

పై విషయమై తమకు మనవి చేయునది ఏమనగా, పోయిన సోమవారం నేను ప్రజావాణికి వచ్చి ఉన్నాను. లైన్లో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. తమరు "చెప్పు పెద్దాయనా" అన్నారు. నేను దండం పెట్టి వెళ్లిపోయాను. నాకు నలుగురిలో మాట రాదు. ఇంట్లో మాట్లాడే పని బక్కమ్మ చూసుకుంటుంది. ఆమె రాలేని స్థితిలో ఉన్నది. అందుకని రాస్తున్నాను.

1. సదరు బోరు వెనకట బొగ్గు కోసం సర్వేవాళ్లు వేసినది. బొగ్గు పడలేదు. ఉడుకు నీళ్లు పడ్డవి. వాళ్లు మొహం చిన్నబుచ్చుకొని వెళ్లిపోయారు. అప్పటినుంచి మోటారు లేకుండా నీళ్లు వాటంతట అవే పొంగి పారుతున్నవి. మురిగిన కోడిగుడ్డు వాసన. తాగరాదు. మిర్చికి పెడితే మిర్చి చస్తుంది. కోళ్ల బూరు పీకడానికి, మోకాళ్ల నొప్పులకు మాత్రం పనికొస్తుంది. మేడారం జాతర నుంచి మళ్లే బండ్లు కొన్ని ఈ రెండు పనుల కోసమే మా దగ్గర ఆగుతవి.

2. బక్కమ్మకు మోకాళ్లు అరిగినవి. వరంగల్ దవాఖానలో చూపిస్తే చిప్పలు మార్చాలన్నారు. "ట్రాక్టర్‌కు మార్చినట్టు మారుస్తరా" అని ఆమె లేచి వచ్చేసింది. రోజూ పొద్దున బోరు దగ్గర బండ మీద కూర్చొని కాళ్లు నీళ్లలో పెడుతుంది. తర్వాత ఊరంతా తిరిగి అందరినీ తిడుతుంది. ఆమె తిడుతున్నదంటే నడుస్తున్నదని మాకు లెక్క.

3. ఇట్లుండగా రాంప్రసాద్ అనే ఆయన హైదరాబాదు నుంచి వచ్చినాడు. నీళ్లలో మీటరు ముంచి చూసి నా చేయి పట్టుకొన్నాడు.

"తాతా, నీ చెలక కింద ఆరని పొయ్యి ఉన్నది. కట్టెలొద్దు, బొగ్గొద్దు. ఎండ లేకున్నా, గాలి లేకున్నా దీంతోని కరెంటు తీయొచ్చు."

నేను బక్కమ్మ దిక్కు చూసినాను. బక్కమ్మ అడిగింది.

"మరి తియ్యి బిడ్డా. ఎవలొద్దన్నరు?"

"తియ్యాలంటే ఇంకా లోతుకు దిగాలె అమ్మా. దిగాలంటే పెట్టుబడి కావాలె. అందుకే జ్వాలా కాయిన్ పెట్టినం."

"ఏది, సూపెట్టు."

"చేతికి రాదు. ఫోన్లనే ఉంటది."

"కరెంటో?"

"అది ఇంకా రాలే."

"అంటే రాని కరెంటుకు కానరాని బిళ్లన్నట్టు."

"కరెక్ట్‌గా పట్టుకున్నవ్ అమ్మా" అని రాంప్రసాద్ చాలా సంతోషించాడు. ఊరివాళ్లకు ఇంత తొందరగా అర్థమవుతుందని ఆయన అనుకోలేదట.

4. ఆయన ఒక రంగుల కాగితం పంచినాడు. ఒక పక్క అవకాశములు: భూమి వేడికి రాత్రీ పగలూ లేదు, పొగ లేదు, ప్రపంచమంతా ఇటే చూస్తున్నది, జాతరకు వచ్చే జనమంతా తలా ఒక కాయిన్ కొంటే చాలు. ఇంకో పక్క సవాళ్లు: తవ్వకానికి ఖర్చు ఎక్కువ, కింద వేడి సరిపోకపోవచ్చు, నీళ్ల ఉప్పుకు గొట్టాలు తినుకుపోవచ్చు, అనుమతులు ఆలస్యం కావచ్చు. ఆ సవాళ్లలో బక్కమ్మ పేరు లేదు. తర్వాత చేర్చినారు.

5. మీటరు పెట్టుకోనిమ్మంటే సరేనన్నాను. మూత గురించి అప్పుడు అనుకోలేదు. బోరు పక్కనే రేకుల షెడ్డు వేసి ఆఫీసు పెట్టినారు. మీటరు బోరు గొట్టం మూతి కాడ వేలాడదీసినారు. దాని వేడి ఎప్పటికప్పుడు అందరి ఫోన్లలో కనబడుతుంది. వేడి పెరిగితే కాయిన్ ధర పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ఇంత ఉపాయం ఎవరు చేసినారో గాని, మా ఊరి సంగతి తెలియక చేసినారు.

6. మా ఊరి కిరాణా సదానందం కూడా కాయిన్లు కొన్నాడు. కొన్ననాటి నుంచి దుకాణంలో తూకం చూడడం మాని ఫోను చూస్తున్నాడు. ఒకనాడు ఎవరికీ చెప్పకుండా పెళ్లిళ్ల గుండిగలో నీళ్లు మరగబెట్టి మీటరుకు తగిలేటట్టు బోరు మూతిలో పోసినాడు. పోసినకొద్దీ కాయిన్ ఎక్కింది. ఫోన్లో మా బోరు బొమ్మ ఎర్రగా మండుతూ ఉన్నది. ఆ సంబురంలో అందరికీ తిప్పి చూపించినాడు. బక్కమ్మకూ చూపించినాడు. ఆమె ఫోను గుంజుకొని చూసింది.

"ఓ సదానందం, గిదేందిరా గింత ఎర్రగైంది? భూతల్లికి కాక ఎక్కింది. నవ్వుతవేందిరా నువ్వు?"

"మంచిదే పెద్దమ్మా! ఎంత కాలితే అంత లాభం."

"నీ నోట్ల మన్నువడ! ఒళ్లు కాలినోళ్లను సూసి లాభమంటార్రా?"

అయ్యా, తల్లి వేడెక్కితే ఏం చేయాలో మా ఆడవాళ్లకు ఒకరు చెప్పనక్కర లేదు. పసుపు, వేపాకు, బెల్లం వేసిన చల్లనీళ్లు, అదే సాక, బిందెలలో తెచ్చినారు. బోరు గొట్టానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, "సల్లగుండు తల్లీ" అని మొక్కుకుంటూ గొట్టంలో పోసినారు. పెరుగన్నం కూడా పెట్టినారు. ఫోన్లో ఎరుపు పోయి నీలం వచ్చింది. తల్లి శాంతించిందని అందరూ ఇళ్లకు పోయినారు. కాయిన్ కూడా శాంతించింది. మళ్లీ లేవలేదు.

7. మరునాడు హన్మకొండ నుంచి, దుకాణం సొమ్మంతా కాయిన్లలో పెట్టిన బట్టల దుకాణం కిషన్ రావు గారు కారేసుకొని వచ్చినారు. ఆయన బక్కమ్మను బండ మీద చూసి, "అమ్మా, నువ్వు పోసిన బిందెడు నీళ్లల్ల నా దుకాణం మునిగింది" అని నెత్తి పట్టుకొన్నారు.

"బిందెడు నీళ్లకు మునిగే దుకాణం ఎందుకు పెట్టినవ్ బిడ్డా? జర ఎత్తుల పెట్టుకోవద్దా?" అని బక్కమ్మ అడిగింది. ఆయన, పెరుగన్నం మిగిలితే తిని వెళ్లినారు.

8. ఆ సాయంత్రమే రాంప్రసాద్ మనుషులు మీటరును లోపలే ఉంచి గొట్టానికి ఇనుప మూత వేసి బోల్టులు బిగించినారు. బక్కమ్మకు ఇంగ్లీషులో నోటీసు ఇచ్చినారు. అంగన్‌వాడీ టీచర్ వినోద చదివి చెప్పింది. "పెద్దమ్మా, నువ్వు కావాలని మార్కెట్‌ను చల్లార్చినవట." బక్కమ్మ, "నేను చల్లార్చింది తల్లినే. ఆ మార్కెట్ ఎవలో నేను సూడలే" అన్నది. ఇదే ఆమె వాంగ్మూలముగా స్వీకరించగలరు.

9. చెలక నాది. బోరు సర్కారుది. మూత కంపెనీది. మోకాళ్లు బక్కమ్మవి. ఇందులో తప్పు చేయనివి మోకాళ్లు ఒక్కటే. శిక్ష వాటికి పడ్డది.

10. మూత పడ్డనాటి నుంచి బక్కమ్మ మంచం దిగలేదు. నేను కాగులో నీళ్లు కాచి పోస్తున్నాను. "ఇవి ఉత్త ఉడుకు నీళ్లయ్యా" అని కళ్లు మూసుకుంటుంది. వంట నేనే చేస్తున్నాను. నిన్న చారులో ఉప్పు వేయడం మరిచాను. ఆమె తిని ఊకున్నది. ఏమీ అనలేదు. అయ్యా, నాకు భయమైంది. ఇన్నేళ్లలో నాకు అట్లాంటి భయం కాలేదు. ఇల్లు చప్పుడు లేకుండా ఉన్నది. నాకు మాట్లాడడం రాదు, ఆమె మాట్లాడడం లేదు.

భూమి వేడితో కరెంటు తీసే పని మంచిదే అయి ఉండవచ్చు. దానితో నాకు తగువు లేదు. వాళ్లు ఎంత లోతుకైనా దిగవచ్చు. బక్కమ్మకు కావలసింది పైన పొర్లిపోయే నీళ్లే.

కావున తమరు దయతలచి సదరు మూత తీయించి, సదరు కాళ్లు సదరు నీళ్లలో పెట్టుకొనుటకు ఉత్తర్వులు ఇప్పించగలరని, నా నోట రాని మాటను ఈ కాగితం మీద చిత్తగించవలెనని ప్రార్థన.

తమ విధేయుడు,
ఉప్పలయ్య

తా.క.: అయ్యా, కాగితం మడత పెట్టేలోపు సదానందం ఉరుక్కుంటూ వచ్చినాడు. "ఉప్పలయ్య మామా, కంపెనీ షెడ్డుల ఊట పుట్టింది!" పోయి చూస్తే నిజమే. మూత బిగిస్తే నీళ్లు పాత గొట్టాన్ని లోపలనే పగలగొట్టుకొని, రాంప్రసాద్ రేకుల ఆఫీసు నడుమ బండలు లేపి పైకి వచ్చినవి. బక్కమ్మను మంచంతో సహా మోసుకుపోయినాము. ఆమె ఇప్పుడు ఆయన తిరిగే కుర్చీలో కూర్చొని కాళ్లు నీళ్లలో పెట్టి ఉన్నది. పాత గొట్టం ఎండిపోయి మీటరు చల్లబడ్డది. కాయిన్ ఇంకా దిగుతున్నది. ఈసారి మేమేమీ పోయలేదని రికార్డు చేయగలరు.

మూత సంగతి ఇక తమ ఇష్టం. ఆ కుర్చీ మాత్రం ఆమె పేరున రాయించగలరు. బండ కన్నా నయమంటున్నది.

ఇంకొకటి. నీళ్లలో కాళ్లు పెట్టిన కాసేపటికి కుర్చీ నా దిక్కు తిప్పి, అందరి ముందర గట్టిగా అడిగింది: "ఏమయ్యా, నిన్నటి చారుల ఉప్పేది?"